అండర్-14 నుంచి అండర్-17కు: ఫుట్‌బాల్ ఆడే పిల్లలు ఒళ్లు, బలం పెంచుకునే దారి

అండర్-14లో జిల్లా జట్టుకు ఆడి, గోల్స్ కొట్టి, పేపర్లో ఫొటో కూడా పడ్డ పిల్లాడు, పై మెట్టుకు రాగానే సెలక్షన్స్‌లో బెంచీ మీద కూర్చుంటాడు. నల్లగొండలోనైనా పాలమూరులోనైనా ఏటా ఇదే వరస. ఆట మర్చిపోయాడా అంటే లేదు. బంతి ఇంకా కాలి మాట వింటూనే ఉంది. కానీ పాస్ అందుకునేలోపే పక్కనుంచి ఒక భుజం వచ్చి తగులుతుంది, పిల్లాడు రెండడుగులు పక్కకు పోతాడు, బంతి అవతలివాడిదైపోతుంది. పది నిమిషాల్లో నాలుగుసార్లు అలా జరిగితే సెలక్టర్ కన్ను వేరేవాడి మీదికి పోతుంది.

బడి ఆటల్లో వయసు మెట్లు మూడు: 14, 17, 19. మొన్ననే పద్నాలుగు దాటినవాడూ, పదిహేడు నిండబోతున్నవాడూ ఒకే జట్టులో చోటు కోసం పోటీ పడాలి. ఆ వయసులో మూడేళ్ల తేడా అంటే ఒక తలకాయంత ఎత్తు, పదిహేను కిలోల బరువు ఉండొచ్చు. బంతి కూడా మారుతుంది. చిన్నప్పటి 4వ నంబరు బంతి 350 నుంచి 390 గ్రాములు, పెద్దవాళ్ల 5వ నంబరుది 410 నుంచి 450. మైదానం పెద్దది, ఆట సమయం ఎక్కువ.

దీనికి మన దగ్గర అందరూ చెప్పే మందు ఒకటే: ఇంకా పరుగెత్తు, ఇంకా బస్కీలు తియ్యి. నేను చూసినంతలో మన పిల్లలకు తక్కువైంది ఎక్సర్‌సైజు కాదు, తిండి. పొద్దున ఐదున్నరకు గ్రౌండు, సాయంత్రం మళ్లీ గ్రౌండు, మధ్యలో బడి, వీటన్నిటికీ కలిపి పెట్టుబడి ఒక చాయ్, రెండు రస్కులు, మధ్యాహ్నం పలుచటి పప్పుచారు అన్నం. ఆ ఒంటికి ఇంకో వంద బస్కీలు తగిలిస్తే ఉన్నది కూడా కరుగుతుంది. అందుకే ఇక్కడ జిమ్ముకంటే ముందు కంచం వస్తుంది. దానికంటే ముందు ఇంకో పని ఉంది.

మొదట: నీ ఎదుగుదల ఎక్కడుందో తెలుసుకో

ఇంట్లో సాపుగా ఉన్న గోడ చూసుకో. పొద్దున లేవగానే, చెప్పులు లేకుండా, మడమలు, పిరుదులు, వీపు గోడకు ఆనించి నిలబడు. చూపు నేరుగా ముందుకు. నెత్తి మీద అట్టపుస్తకం అడ్డంగా పెట్టి, దాని అంచు గోడకు తగిలిన చోట అమ్మనో అన్ననో పెన్సిల్ గీత పెట్టమను. పక్కన తేదీ రాయి. సాయంత్రం కొలిస్తే వెన్నుపూసలు అణిగి కాస్త తక్కువ వస్తుంది, కాబట్టి ఎప్పుడూ పొద్దునే కొలవాలి. నెలకొకసారి చాలు.

మగపిల్లల్లో పొడుగు ఒక్కసారిగా పెరిగే కాలం సగటున పదమూడు, పద్నాలుగేళ్ల మధ్య వస్తుంది. ఆడపిల్లల్లో అంతకు రెండేళ్లు ముందే. ఆ ఏడాదిలో మగపిల్లాడు ఎనిమిది నుంచి పది సెంటీమీటర్లు పెరగొచ్చు. ముందు ఎముక పొడుగవుతుంది, ఆరు నెలల నుంచి ఏడాది వెనకగా బరువు వస్తుంది, బలం ఆ తర్వాత. అందుకే మొన్నటిదాకా చురుగ్గా ఆడినవాడు ఉన్నట్టుండి కాళ్లు చేతులు తనవి కానట్టు తడబడతాడు. అది బద్ధకం కాదు. పీఈటీ సార్లు తిట్టేముందు ఆ గోడ మీది గీతలు ఒకసారి చూడాలి.

ఆ గీతల్ని బట్టి మూడు దారులు. నెలనెలా ముప్పావు సెంటీమీటరు, అంతకంటే ఎక్కువ పెరుగుతుంటే నువ్వు పొడుగు పెరిగే జోరులో ఉన్నావు. ఇప్పుడు బరువులు ఎక్కువ ఎత్తే పని లేదు. కసరత్తు సరిగ్గా చేసే పద్ధతి నేర్చుకో, దూకుళ్లు తగ్గించు, తిండి పెంచు. గీతలు దగ్గరదగ్గరగా పడుతూ బరువు పెరుగుతుంటే, కండ పట్టే కాలం వచ్చింది. కింద చెప్పే బరువుల పని నీకు పూర్తిగా పనికొస్తుంది. అసలు జోరే ఇంకా మొదలుకాకపోతే ఓపిక పట్టు. తోటివాళ్ల కంటే రెండేళ్లు వెనకపడటం కూడా మామూలే. నాన్ననో మేనమామనో అడిగి చూడు, ఇంటర్‌లో పొడుగయ్యామని చెప్పేవాళ్లు ఉంటారు. పద్నాలుగేళ్లు నిండినా యుక్తవయసు లక్షణాలేమీ కనబడకపోతే మాత్రం డాక్టరుకు చూపించాలి.

ఇంకో సంగతి. వయసు గుంపులో అందరికంటే ఆలస్యంగా పుట్టిన పిల్లలు, అదే గుంపులో దాదాపు ఏడాది ముందు పుట్టినవాళ్ల ముందు చిన్నగా కనబడతారు, సెలక్షన్లలో వెనకబడతారు. ఇది ప్రపంచమంతా ఉన్నదే. మన దగ్గర దాని మీద ఇంకో చిక్కు: బడిలో చేర్చేటప్పుడు అందరికీ జూన్ తేదీ వేసేసిన కాలం ఒకటుంది, దాని అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు. అసలు పుట్టిన తేదీ ఏదో తెలుసుకో. వయసు తగ్గించి ఆడించే పెద్దమనుషుల మాట వినకు. మణికట్టు ఎక్స్‌రేతో ఎముక వయసు చూస్తారు, దొరికితే నిషేధం నీకే పడుతుంది.

ఈ కాలంలో రెండు నొప్పులు బాగా వస్తాయి. మోకాలి చిప్ప కింద బుడిపెలా ఉండే ఎముక దగ్గర ఒకటి, మడమ వెనక ఒకటి. ఎముక ఇంకా ముదరని చోట కండర తాడు గుంజడం వల్ల వచ్చేవి ఇవి. ఆట పూర్తిగా మానక్కర్లేదు, నొప్పి పెరగనంత మేరకు తగ్గించుకుంటే నెలల్లో సర్దుకుంటాయి. కుంటుతూ ఆడటం మాత్రం వద్దు. నడుము కింద, వెన్నులో నొప్పి రెండు వారాలు దాటినా తగ్గకపోతే ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లు. అది వెన్నుపూసలో సన్నని చీలిక కావచ్చు, ఎదిగే వయసు ఆటగాళ్లలో వస్తుంది. తైలం రాసి కట్టు కడితే తగ్గేది కాదు.

రెండోది: కంచం

తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం 13–15 ఏళ్ల మగపిల్లాడికి రోజుకు 2,860 కేలరీలు కావాలి, 16–18 ఏళ్లవాడికి 3,320. మామూలుగా తిరిగే పిల్లాడి లెక్క అది. రెండు పూటలా గ్రౌండులో ఉండేవాడికి ఇంకొన్ని వందలు కావాలి. మాంసకృత్తులు, అంటే ప్రొటీన్, ఆడుతూ కండ పెంచుకోవాలనుకునే పిల్లాడికి ఒంటి బరువులో కిలోకు రోజుకు 1.6 గ్రాముల దగ్గర పెట్టుకుంటే సరిపోతుంది. 50 కిలోలవాడికి 80 గ్రాములు.

80 గ్రాములంటే భయపడక్కర్లేదు, మన వంటింట్లోనే ఉంది. ఒక గుడ్డులో 6 గ్రాములు. పావు లీటరు పాలలో 8. నలభై గ్రాముల పల్లీలలో, అంటే పిడికెడు నిండుగా, 10. వంద గ్రాముల జొన్నపిండిలో 10. యాభై గ్రాముల కందిపప్పులో 11. వండిన కోడికూర ముక్కలు వంద గ్రాములుంటే 27 దాకా. మీల్‌మేకర్ నలభై గ్రాములలో 20. ఇప్పుడు రోజు కూర్చి చూద్దాం.

పొద్దున ప్రాక్టీసు అయ్యాక రెండు గుడ్లు, రెండు జొన్నరొట్టెలు, ఒక గ్లాసు పాలు. ముప్పై ఇక్కడే అయిపోయింది. మధ్యాహ్నం అన్నం, గరిటె నిలబడేంత గట్టి పప్పు, కప్పు పెరుగు: ఇరవై పైన. సాయంత్రం గ్రౌండుకు పోయే గంట ముందు పల్లీలు, బెల్లం, అరటిపండు: పదకొండు. రాత్రికి రొట్టెనో అన్నమో, దానితో చికెన్, లేదా సాగర్ చేపలు, లేదా మీల్‌మేకర్ కూర, ఏదీ లేనినాడు పెద్ద గిన్నెడు శెనగ గుడాలు. గుడాల రోజున కూడా 80 దాకా వస్తుంది, కూర ఉన్న రోజు దాటిపోతుంది. పల్లీలకు పాలమూరు, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు కరువేం లేదు. జొన్న గట్క ఉన్న ఇంట్లో ఓట్స్ డబ్బా కొనడమెందుకో నాకర్థం కాదు.

ఎక్కువమంది దెబ్బతినేది పొద్దున పూట. పరగడుపున గ్రౌండుకు వస్తారు, గంటన్నర ఆడతారు, అటునుంచి అటే బడికి ఉరుకుతారు. పదో తరగతి అయితే స్పెషల్ క్లాసు కూడా ముందుంటుంది. మధ్యాహ్న భోజనం దాకా కడుపులో ఏమీ ఉండదు. నిన్నటి కండను కరిగించి ఇవాళ పరుగెత్తడమే ఇది. దీనికి మందు చిన్నది: లేవగానే ఒక అరటిపండో నాలుగు ఖర్జూరాలో నోట్లో వేసుకో, ఉడికించిన గుడ్లు, రొట్టె బాక్సులో పెట్టుకుని బ్యాగులో పడెయ్యి, గ్రౌండు దాటేలోపు తినేసెయ్యి. ఎనిమిది గంటల తిండి పన్నెండున్నరకు జరిగితే రోజంతటి లెక్క తప్పుతుంది.

గురుకులంలో, హాస్టల్లో ఉండేవాళ్లకు మెనూ చేతిలో ఉండదు. అయితే గుడ్డు పెట్టే రోజున వద్దనకు, పక్కవాడు వదిలేస్తే అడిగి తీసుకో. పప్పు రెండోసారి వేయించుకో. ఇంటినుంచి వచ్చేటప్పుడు మురుకులు, చిప్స్ బదులు వేయించిన పల్లీలు, పుట్నాలు, నువ్వుల లడ్డూలు డబ్బా నిండా తెచ్చుకో. వార్డెన్‌తో మాట్లాడి ప్రాక్టీసు పిల్లలకు పాలో అరటిపండో కలిపించే పని పీఈటీ సార్ చేయగలరు. అడిగిన చోట చాలాసార్లు ఒప్పుకుంటారు.

అమ్మానాన్నలకు ఒక మాట. ఆదివారం ఒక్కరోజు కిలో చికెన్ తెచ్చి పిల్లాడి కంచంలో గుమ్మరించడం కంటే, అదే డబ్బుతో వారమంతా రోజుకు రెండు గుడ్లు పెట్టండి. ఒళ్లు ఏ రోజుకారోజు కట్టుకుంటుంది, ఆదివారానిది గురువారానికి దాచుకోదు. కూరలో నూనె, అన్నంలో నెయ్యి ఈ వయసు ఆటగాడికి తగ్గించకండి. కొవ్వు భయం మనకు, వాళ్లకు కాదు.

బరువు వారానికొకసారి, ఒకే రోజు, పొద్దున కాలకృత్యాలు అయ్యాక చూసుకో. ఇంట్లో మిషన్ లేకపోతే కిరాణా కొట్టులో బస్తాలు తూచే కాంటా చాలు. వారానికి పావు కిలో, నెలకు ఒక కిలో పెరిగితే బాగా సాగుతున్నట్టు. మూడు వారాలు ముల్లు కదలకపోతే రోజుకు ఇంకో రొట్టె, ఇంకో పిడికెడు పల్లీలు కలుపు. పొడుగు పెద్దగా పెరగకుండా నెలకు రెండు కిలోలు దాటి పెరుగుతూ ప్యాంటు నడుము బిగుసుకుంటుంటే, అది కండ కాదు, కాస్త తగ్గించు.

నీళ్ల సంగతి నల్లగొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు పిల్లలకు ప్రత్యేకంగా చెప్పాలి. పొలం దగ్గర బోరు నీళ్లు చల్లగా ఉన్నాయని తాగకండి. ఫ్లోరైడ్ ఎక్కువైన నీళ్లతో ఎముక పైకి దట్టంగా కనబడినా పెళుసుబారుతుంది, కీళ్లు బిగుసుకుపోతాయి. మిషన్ భగీరథ కుళాయి నీళ్లు సీసాలో పట్టుకుని గ్రౌండుకు రండి.

మూడోది: నిద్ర

ఇందులో చెప్పడానికి పెద్దగా లేదు, చేయడానికే కష్టం. ఈ వయసుకు ఎనిమిది నుంచి పది గంటలు కావాలి. ఎదుగుదల హార్మోన్ ఎక్కువగా విడుదలయ్యేది గాఢనిద్రలోనే. ఐదింటికి లేవాలంటే తొమ్మిదింటికి పడుకోవాలి. అది కుదరని ఇంట్లో పొద్దుటి ప్రాక్టీసు వారానికి మూడు రోజులకు తగ్గించుకోవడం మేలు. రాత్రి పదకొండు దాకా ఫోన్లో మెస్సీ రీల్స్ చూస్తే మెస్సీ కారు.

నాలుగోది: బలం

ముందు ఒక భయం తీసేద్దాం. బరువులెత్తితే పొట్టిగా ఉండిపోతారన్నది ఊరి మాట. సరైన పద్ధతిలో, చూసేవాళ్లుండగా చేస్తే ఎదుగుదల ఆగదు. కీళ్లు, కండర తాళ్లు గట్టిపడి దెబ్బలు తగ్గుతాయి. ప్రమాదమంతా ఎవడెంత ఎత్తుతాడో చూద్దామనే పందేలలో ఉంటుంది.

రెండోది భయం కాదు, గర్వం: రోజుకు మూడొందల బస్కీలు. పాతికో ముప్పయ్యో దాటి ఆగకుండా తీయగలిగే కసరత్తు ఏదైనా ఓర్పును పెంచుతుంది కానీ బలాన్ని పెద్దగా పెంచదు. బలం రావాలంటే ఎనిమిది, పది, పన్నెండు సార్లకే కాళ్లు చాలనాలి. కాబట్టి లెక్క పెంచకు, బరువు పెంచు. వారానికి రెండు రోజులు, మధ్య కనీసం ఒక రోజు ఎడం, ఒక్కో రోజు నలభై ఐదు నిమిషాలు. ఆదివారం మ్యాచ్ ఉంటే మంగళవారం, గురువారం అయినా కాకపోతే సోమ, గురువారాలు.

జిమ్ లేకపోతే పని ఆగదు. ఒక ప్లాస్టిక్ సంచి తీసుకుని (యూరియాది అయితే బాగా కడిగి) పది కిలోల ఇసుక పోసి, నోరు తాడుతో బిగించి, ఇంకో సంచిలో తలకిందులుగా పెట్టి మళ్లీ కట్టు. ఇదే నీ బార్‌బెల్.

బరువుతో బస్కీ: సంచిని రెండు చేతులతో ఛాతీకి హత్తుకో. పాదాలు భుజాలంత ఎడంగా, వేళ్లు కాస్త బయటకు. గాలి పీల్చి, పొట్ట బిగించి, రెండు తొడల మధ్యకు కూర్చున్నట్టు దిగు. మడమ లేవకూడదు. మోకాలు లోపలికి మూసుకుపోకుండా పాదం వేళ్ల దిక్కే చూడాలి. తొడలు నేలకు సమాంతరమయ్యాక మడమలతో నేలను తొక్కుతూ లే, లేచేటప్పుడు గాలి వదులు. పక్కనుంచి ఒకడు ఫోన్లో తీస్తే బాగుంటుంది. నూటికి తొంభై మందిలో కనబడే తప్పు ఒకటే, కింద నడుము గుండ్రమవడం. అది కనబడ్డ చోటికంటే పైనే ఆగు, కొన్ని వారాల్లో లోతు వస్తుంది.

ఒంటికాలి బస్కీ: వెనక కాలి పాదం మోకాలెత్తు గద్దె మీదో స్టేడియం మెట్టు మీదో పెట్టి, ముందు కాలితో దిగి లేవడం. ఫుట్‌బాల్ దాదాపు మొత్తం ఒంటికాలి మీద ఆడే ఆటే. తన్నినా, తిరిగినా, దూకినా. రెండు కాళ్ల మధ్య బలం తేడా ఇక్కడ బయటపడుతుంది. బలహీనమైన కాలితో మొదలుపెట్టు, రెండోదానికీ అదే లెక్క.

నడుము వంచి ఎత్తడం: గోడకు జానెడు ముందు, వీపు గోడవైపు పెట్టి నిలబడు. మోకాళ్లు కొద్దిగా వదులు చేసి, వీపు తిన్నగా ఉంచి, పిరుదులు వెనక్కి జరిపి గోడను తాకించు. తొడ వెనక కండరం సాగినట్టు తెలియాలి. అది వచ్చాక చేతుల్లో సంచి పట్టుకుని అదే చెయ్యి.

దీనికి తోడు తొడ వెనక కండరానికి నార్డిక్: మోకాళ్ల మీద నిలబడితే తోడువాడు చీలమండలు గట్టిగా పట్టుకుంటాడు, నువ్వు నిటారుగా, వీలైనంత నెమ్మదిగా ముందుకు ఒరుగుతావు, ఆపలేని చోట చేతులు ఆనిస్తావు. మొదట మూడుసార్లు, రెండు విడతలు చాలు. మర్నాడు నడవడానికి ఇబ్బంది పడతావు, రెండు వారాల్లో పోతుంది. దీన్ని క్రమం తప్పకుండా చేసిన జట్లలో తొడ వెనక కండరం పట్టేయడం సుమారు సగానికి తగ్గినట్టు పరిశోధనలున్నాయి. గజ్జల దగ్గర పట్టేసేవాళ్లు దీని చెల్లెలు కోపెన్‌హేగన్ కూడా చేయాలి: పక్కకు పడుకుని మోచేతి మీద లేస్తే తోడువాడు పైకాలు పట్టుకుంటాడు, నువ్వు లోపలి తొడ బలంతో ఒంటిని తిన్నగా నిలబెడతావు.

పైభాగానికి దండాలు (పుష్-అప్‌లు), బడి గ్రౌండులో ఉండే సింగిల్ బార్. పుల్-అప్ ఒక్కటి కూడా రాకపోతే స్టూలెక్కి గడ్డం బారు పైకి చేర్చి, ఐదు లెక్కపెట్టేలోపు నెమ్మదిగా దిగు. ఇలా రోజుకు ఐదారు చేస్తే రెండు నెలల్లో మొదటిది వస్తుంది. తర్వాత మోత: రెండు చేతుల్లో సగం నింపిన ఇరవై లీటర్ల క్యాన్లు పట్టుకుని, భుజాలు కుంగకుండా ముప్పై మీటర్లు నడువు. చూడ్డానికి నీళ్లు మోస్తున్నట్టే ఉంటుంది కానీ నడుము చుట్టూ ఉన్న కండరాలకు దీనంత పనిపెట్టేది తక్కువ. చివర మెడ: నుదుటికి అరచేయి అడ్డంపెట్టి పది సెకన్లు నెట్టడం, అలాగే నాలుగు వైపులా. 5వ నంబరు బంతికి తలపెట్టేముందు ఇది కావాలి.

పన్నెండు వారాల లెక్క ఇలా పెట్టుకో. మొదటి నాలుగు వారాలు ఒంటి బరువుతోనే, పద్ధతి కోసం, ఒక్కోటి రెండు విడతలు. తర్వాతి నాలుగు వారాలు సంచితో మూడు విడతలు, ఎనిమిది నుంచి పన్నెండు సార్లు, మధ్యలో రెండు నిమిషాల విశ్రాంతి. ఎప్పుడూ ఇంకో రెండుసార్లు చేయగలను అన్న దగ్గరే ఆపాలి. మూడు విడతల్లోనూ పన్నెండు శుభ్రంగా వస్తే రెండు మూడు కిలోల ఇసుక కలిపి మళ్లీ ఎనిమిదికి రా. చివరి నాలుగు వారాలు బరువు పెంచి ఆరు నుంచి ఎనిమిది, దానికి ముందు దూకుళ్లు: గద్దె మీదికి రెండు కాళ్లతో ఐదు, ఒంటికాలితో ముందుకు మూడేసి. దిగేటప్పుడు చప్పుడు రాకూడదు. చప్పుడు వచ్చిందంటే దెబ్బ కండరం కాకుండా మోకాలు తీసుకుందని.

ప్రాక్టీసు ముందు వార్మప్‌గా ఫిఫా 11+ చేయించండి. మూడు భాగాలు, పదిహేను కసరత్తులు, ఇరవై నిమిషాలు. పైసా ఖర్చు లేదు, వీడియోలు ఉచితం. రెండు రౌండ్లు గ్రౌండు చుట్టూ ఉరికి కాళ్లు సాగదీసే పాత పద్ధతికంటే ఎన్నో రెట్లు మేలు. మన మొరం గ్రౌండ్ల మీద మోకాళ్లకు ఇది బీమా.

పరుగు తగ్గించు

ఇది చాలామందికి మింగుడుపడదు. రోజూ పొద్దున హైదరాబాద్ రోడ్డు మీద ఐదారు కిలోమీటర్లు ఉరికి, పైన సాయంత్రం ఆట కూడా ఆడి, బరువు పెరగట్లేదంటే ఎలా పెరుగుతుంది? బలం పెంచుకునే ఆ మూడు నెలలు పొడుగు పరుగు వారానికి ఒకటికి దించు. దాని బదులు పది, ఇరవై మీటర్ల ఉరుకులు, పూర్తి వేగంతో, ఆరు నుంచి పది, మధ్యలో ఊపిరి పూర్తిగా కుదుటపడనిస్తూ. మ్యాచ్‌లో బంతి దక్కేది ఆ మొదటి ఐదడుగుల్లోనే.

ఏ మూడు నెలలు? పదో తరగతి లేనివాళ్లకు డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా చల్లటి కాలం మంచిది. పది పరీక్షలున్నవాళ్లు అవి అయ్యాక, ఏప్రిల్ నుంచి జూన్‌లో బడి తెరిచేదాకా. కానీ మే నెల నల్లగొండ ఎండ తెలిసిందే, 45 డిగ్రీలకు పోతుంది. ఏడింటిలోపు గ్రౌండు ముగించాలి, ఇసుక సంచి పని ఇంటి నీడలో. ఆటకు ముందు, తర్వాత బరువు చూసుకుంటే ఎంత చెమట పోయిందో తెలుస్తుంది. కిలో తగ్గితే ఒకటి నుంచి ఒకటిన్నర లీటరు, ఉప్పేసిన మజ్జిగో అంబలో నీళ్లో, కొద్దికొద్దిగా తాగి నింపాలి. మండల, జోన్, జిల్లా పోటీలు మొదలయ్యాక వారానికి ఒక్కసారి, తక్కువ విడతలతో చేస్తే సంపాదించుకున్న బలం పోదు. పూర్తిగా మానేస్తే నెలరోజుల్లో కరగడం మొదలవుతుంది.

ఐదోది: ఒళ్లు అడ్డంపెట్టడం

బలం వచ్చేదాకా ఆగక్కర్లేదు, ఇది రేపే మొదలుపెట్టొచ్చు. ఆట నియమాల్లో పన్నెండోది భుజంతో నెట్టడాన్ని ఒప్పుకుంటుంది. బంతి ఆడగలిగేంత దగ్గరలో ఉండాలి, చేతులు, మోచేతులు వాడకూడదు, అజాగ్రత్తగా, మొరటుగా ఉండకూడదు. మనవాళ్లు ఇది ఫౌల్ అనుకుని తప్పుకుంటారు. కింద పడి రిఫరీ వైపు చూస్తారు. అండర్-17లో రిఫరీ చూడడు.

వీపు వెనక డిఫెండర్ ఉండగా బంతి నీ వైపు వస్తోందనుకో. బంతి రాకముందే ఒకసారి వెనక్కి చూడు. వాడు ఎటున్నాడో ఆ వైపు భుజం తిప్పి పక్కవాటుగా నిలబడు, కాళ్లు ఎడం, మోకాళ్లు వంచి, తుంటి వాడి తుంటికంటే కింద. వాడు తగలకముందే నువ్వే ఆని నిలబడు. బంతిని వాడికి దూరపు కాలితో ఆపు. వాడి తోపును కాళ్లు నేలలోకి దించుతాయి. నిటారుగా నిలబడ్డవాడు అరవై కిలోలున్నా ఎగిరిపోతాడు, కుంగి నిలబడ్డవాడు నలభై ఎనిమిదికే కదలడు. ఇద్దరిద్దరుగా, ఐదు మీటర్ల చదరంలో, పది సెకన్లు బంతి కాపాడుకునే ఆట రోజుకు పదిసార్లు ఆడండి. వీలైతే నీకంటే పెద్దవాడితో. సాయంత్రం స్టేడియంకు వచ్చే డిగ్రీ పిల్లలు ఆడనిస్తారు, కాస్త తిడతారు అంతే.

పొట్టిగా ఉన్నవాళ్లు గుర్తుంచుకోవాల్సింది మన సికింద్రాబాద్‌లో పుట్టిన సునీల్ ఛెత్రీని. ఎత్తు దాదాపు 170 సెంటీమీటర్లే. 2024లో మొదటిసారి వీడ్కోలు చెప్పేనాటికి దేశం తరఫున 94 గోల్స్, వాటిలో తనకంటే పొడుగు డిఫెండర్ల మధ్య ఎగిరి తలతో కొట్టినవీ ఉన్నాయి. ఎత్తు తక్కువైతే ముందే దూకాలి, ముందే దూకాలంటే ముందే చూడాలి.

ఆడపిల్లలకు

పైన చెప్పిందంతా వర్తిస్తుంది, రెండు తేడాలతో. మోకాలి లోపలి లిగమెంట్ తెగడం ఆడపిల్లల్లో మగపిల్లలకంటే రెండు మూడు రెట్లు ఎక్కువ, కాబట్టి దూకి దిగే పద్ధతి, మోకాలు లోపలికి మూసుకోకుండా చూసుకోవడం, నార్డిక్ తప్పనిసరి. రెండోది రక్తం. మన రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్లలో రక్తహీనత ఉంది. ఎంత తిన్నా ఆయాసం, నీరసం ఉంటే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకో, పీహెచ్‌సీలో చేస్తారు. నెలసరి మూడు నెలలు ఆగిపోతే పనికి తగ్గ తిండి లేదనడానికి గుర్తు కావచ్చు, డాక్టరుకు చెప్పాలి. కండలొస్తాయని భయపెట్టే అత్తమ్మలకు, నిజామాబాద్ జిల్లా నుంచి వెళ్లి భారత జట్టుకు ఆడిన గుగులోత్ సౌమ్యను చూపించండి.

డబ్బాల సంగతి

జిమ్ముకు వెళ్లిన మూడో రోజే ఎవరో ఒకరు డబ్బా అంటగడతారు. మాస్ గెయినర్ డబ్బా వెనక్కి తిప్పి చదువు, ఎక్కువ భాగం మాల్టోడెక్స్‌ట్రిన్, అంటే చక్కెరలాంటి పిండి. ఆ డబ్బుకు నెలల తరబడి గుడ్లు, పల్లీలు వస్తాయి. క్రియాటిన్ పెద్దవాళ్లలో బాగా పరిశోధించినదే, కానీ పద్దెనిమిదేళ్లలోపు వాళ్లకు పిల్లల డాక్టర్లు వద్దంటున్నారు. తొందరేమీ లేదు. ప్రీ-వర్కవుట్ పొడుల్లో ఏం కలుపుతారో కలిపినవాడికే తెలియాలి, ఆటగాళ్లు నిషేధిత మందులు వాడారేమో చూసే జాతీయ సంస్థ నాడా పరీక్షలో అలాంటి మందు దొరికితే తెలియక తీసుకున్నానన్న మాట చెల్లదు. ఇంక ఇంజెక్షన్లు, స్టెరాయిడ్ మాత్రలు: ఇవి ఎముక చివర ఎదిగే భాగాన్ని ముందే మూసేస్తాయి. పొడుగు కోసం వచ్చి పొట్టిగా మిగిలిపోతారు. ఆ మాటెత్తిన ట్రైనర్ ఉన్న జిమ్ముకు మళ్లీ వెళ్లకు.

సెలక్షన్ వారం

బరువు పని సెలక్షన్‌కు నాలుగు రోజుల ముందే ఆపు. చివరి రెండు రోజులు కాళ్ల కసరత్తు ఏదీ వద్దు, నార్డిక్ అసలే వద్దు. ముందు రోజు రాత్రి అన్నం బాగా తిను, కొత్త తిండి, బయటి బిర్యానీ జోలికి పోకు. వేరే ఊర్లో అయితే మొదటి బస్సుకు నిలబడి వెళ్లి నేరుగా గ్రౌండులో దిగకుండా, కుదిరితే ముందురోజే చేరి చుట్టాలింట్లో పడుకో. ఆటకు మూడు గంటల ముందు ఇడ్లీ, ఉప్మా లాంటివి కడుపునిండా, గంట ముందు అరటిపండు. బూట్ల స్టడ్స్ గ్రౌండు చూశాక ఎంచుకో, మొరం నేల మీద పొడుగు ఇనుప స్టడ్స్ వేస్తే జారతావు. జనన ధ్రువపత్రం, స్టడీ సర్టిఫికెట్, ఆధార్ కాపీలు రెండేసి పెట్టుకో, సంతకాలు ముందే చేయించుకో. గ్రౌండులోకి దిగాక మొదటి బంతికి మొదటి భుజం నీదే కావాలి.